వంద రేకుల కట్ట

కుండ కాలిందా లేదా అన్నది ఆవిడ చూసి చెప్పదు, విని చెబుతుంది. తడిగుడ్డ అంచుని కుండ వీపు మీద ఒక్క క్షణం తగిలిస్తుంది. చుయ్‌మంటుంది. చాలదు. పక్కనున్న మోపులోంచి రెండు ఎండు కొబ్బరాకులు లాగి, విరిచి మంటలోకి తోస్తుంది. మళ్ళీ తగిలిస్తుంది. ఈసారి చప్పుడు పొట్టిగా, పొడిగా ఉంది. మీకు ఆ తేడా పట్టుబడదు. ఆవిడ మాత్రం "ఆఁ, ఇప్పుడు లేస్తాదండి" అంటూ పీట ముందుకు జరుపుకుంటుంది.

శనివారం తెల్లవారుజాము. ఇంకా అయిదు కాలేదు. మీరు ఆత్రేయపురంలో, ఓ పెంకుటింటి వెనకున్న పాకలో కూర్చున్నారు. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయి గోదావరి నీళ్ళు కాలువలకి మళ్ళిన దగ్గర్నుంచి ఈ నేలకి రెండే ధ్యాసలు, వరి, కొబ్బరి. ఇప్పుడు మీ ముందు జరుగుతున్న పూతరేకుల పనికి కావలసినవీ ఆ రెండే. వరి నుంచి పిండి, కొబ్బరి చెట్టు నుంచి మంట.

"అటు కూచోకండి, పొగంతా అటే వస్తాది. ఇలా రండి, ఈ పీటేసుకోండి."

జరుగుతారు. పొగ కూడా జరుగుతుంది.

కుండ మామూలు నీళ్ళ కుండ కాదు. కుమ్మరికి చెప్పి ప్రత్యేకంగా చేయించుకుంటారు. అడుగు వెడల్పుగా, నున్నగా, ఎక్కడా గీత లేకుండా ఉండాలి. దాన్ని బోర్లిస్తే తెరిచి ఉన్న నోట్లోంచి మంట లోపలికి పోతుంది, పైన గుండ్రటి వీపు కాలుతుంది. ఆ వీపే పెనం. కొత్త కుండ మొదట్లో మాట వినదట. నూనె రాసి, కాల్చి, తుడిచి, మళ్ళీ రాసి మచ్చిక చేసుకోవాలి. "మచ్చికైన కుండ పగిలిందంటే ఆ పూట అన్నం సయించదండి" అంటుంది ఆవిడ. నవ్వుతూనే అంటుంది గానీ, గోడ వారగా గోనెసంచి కప్పి దాచిన రెండో కుండని మీరప్పటికే చూశారు.

పక్కన సత్తు గిన్నెలో పిండి. జయ బియ్యం నానబెట్టి, మెత్తగా రుబ్బి, పలచగా జారేలా కలిపింది. వేరే బియ్యంతో రేకు ఇంత పలచగా రాదని ఊళ్ళో ఎవరిని అడిగినా చెబుతారు. గుడ్డ నూలుది, ఎన్నిసార్లు ఉతికిందో అంచులు పోగులు లేచాయి. రెండు చేతులా రెండు కొసలు పట్టుకుని, పిండిలో ముంచి, కుండ వీపు మీద ఈ వైపు నుంచి ఆ వైపుకి ఒకే ఒక్క లాగు. గుడ్డ వెనకాలే తెల్లటి తడి పరుచుకుంటుంది. మీరు రెప్ప వేసేలోపు ఆరిపోయి, అంచులు వాటంతట అవే పైకి లేస్తాయి. ఆవిడ వేళ్ళతో ఒడిసి తీసి పక్కన పెడుతుంది. ఉల్లిపొర లాంటి రేకు. దీపం వైపు పట్టుకుంటే అవతల ఆవిడ వేళ్ళు కనిపిస్తాయి.

ముంచడం, లాగడం, తీయడం. ముంచడం, లాగడం, తీయడం. మధ్యలో ఆకు తోయడం. కుండ మరీ కాలితే పొర పెళుసై ముక్కలవుతుంది. చల్లబడితే అంటుకుపోతుంది. అందుకే కర్ర మంట కంటే ఆకు మంటే మేలు. రెండాకులు తోస్తే భగ్గుమంటుంది, మానేస్తే అణిగిపోతుంది. గ్యాసు పొయ్యి పెట్టుకోకూడదా అని మీరు అడుగుతారు, పట్నం నుంచి వచ్చిన వాళ్ళందరూ అడిగినట్టే.

"అది ఒక్కచోటే కాలుస్తాదండి. కుండంతా సమానంగా కాలాలి కదా. పైగా సిలిండరు కొనుక్కుని రేకులేస్తే ఇంక మిగిలేదేముంది? ఆకు మా దొడ్లోదే."

కళ్ళు ఎర్రగా ఉన్నాయి. కొంగుతో తుడుచుకుంటూ మాట్లాడుతోంది. పొగకి దూరంగా ఉండమని డాక్టరు చెప్పాడట. ఆ మాట చెప్పి ఇంకో రెండాకులు తోసింది. కూతురికి ఈ పని రాదు, నేర్పలేదు కూడా. రావులపాలెంలో బట్టల కొట్లో చేస్తోంది, ఫ్యాను కింద నిలబడే ఉద్యోగం. "దానికి రాకపోవడమే మంచిదిలెండి" అంటుంది. బాధతో అన్న మాటలా వినిపించదు. లెక్క వేసుకుని తీసుకున్న నిర్ణయంలాగే వినిపిస్తుంది.

తెల్లవారేసరికి రేకులు బెత్తెడెత్తు పేరుకున్నాయి. ఆవిడ లెక్కపెట్టడం మొదలుపెడుతుంది. ఈ ఊళ్ళో రేకు ధర ఒక్కోదానికి ఉండదు, వందకుంటుంది. వంద రేకులు ఒక కట్ట. పొద్దున్నుంచి మీ కళ్ళముందు ఎగిసిన మంట, కారిన నీళ్ళు, అన్నీ ఆ కట్టలోకే వస్తాయి. విరిగిన ముక్కలు మాత్రం రావు. చుట్టేటప్పుడు లోపలి మడతలో పెట్టుకోవడానికి అవి పనికొస్తాయి. లెక్కలోకి మాత్రం తీసుకోరు.

ఈ పాకలో కంటికి కనబడనిది ఇంకొకటుంది. బాకీ. కాస్త కూర్చుంటే అదీ మెల్లగా బయటపడుతుంది. బియ్యం కిరాణా కొట్లో అరువు మీద వచ్చింది, కట్ట డబ్బు రాగానే తీరాలి. పోయిన వర్షాకాలం ఆకు తడిసిపోయి, గాలిలో చెమ్మకి రేకులు మెత్తబడి పని ఆగినప్పుడు, రేకులు కొనే షావుకారే ఇంటి ఖర్చుకి అడ్వాన్సు ఇచ్చాడు. మంచి మనిషి. వడ్డీ అడగలేదు. ఒకటే అడిగాడు: రేకులు ఇంకెవరికీ వెయ్యొద్దని. కాబట్టి పక్కవీధి కొట్టు కట్టకి కాస్త ఎక్కువిస్తానన్నా ఈవిడ కట్ట అక్కడికి వెళ్ళదు. ఇలాంటి మాటకి కాగితం అక్కర్లేదు. ఊరే కాగితం.

ఎనిమిదింటికి వీధిలో ఎక్సెల్ బండి చప్పుడు. కుర్రాడు దిగకుండానే "పిన్నీ, ఎన్నయ్యాయి?" అని కేకేస్తాడు. వెనక కట్టిన అట్టపెట్టెలో ఇప్పటికే నాలుగిళ్ళ కట్టలున్నాయి. ఈవిడవి కూడా పైన పేర్చి, గోతులు తప్పించుకుంటూ మెల్లగా పోతాడు. మీరు బండి వెనకాలే నడుస్తారు. నడిచినా అందుకోవచ్చు, అంత మెల్లగా వెళుతుంది. ఒక్క గోతిలో పడితే ఒక పొయ్యి పొద్దుట్నించీ చేసిన పని పొడైపోతుంది.

కుర్రాడు ఆగే ఇల్లు మెయిన్ రోడ్డు మీది షావుకారు కొట్టుకి వెనక వాటా. అక్కడ చాప మీద వరసగా ఆడవాళ్ళు. ఇక్కడ పొగ లేదు. నెయ్యి వాసన తలుపు దగ్గరే ఎదురొస్తుంది. ఒకావిడ రేకు మీద తడిగుడ్డ అలా ఆనించి మెత్తబరుస్తుంది, లేకపోతే మడతకి విరుగుతుంది. పక్కావిడ కరిగిన నెయ్యి రాస్తుంది. తురిమిన బెల్లం, లేదా పంచదార పొడి. దాని మీద జీడిపప్పు, బాదం పలుకులు. నాలుగు మడతలు, చివర్లు లోపలికి, అయిపోయింది. మీరూ ఒకటి ప్రయత్నిస్తారు. మొదటి మడతకే రేకు చీలుతుంది. "పర్లేదండి, తినెయ్యండి" అంటారు అందరూ ఒక్కసారే. అది తినడానికి ఇబ్బందేమీ లేదు. నోట్లో పెట్టుకోగానే రేకు ఎటుపోయిందో తెలియదు. నెయ్యీ బెల్లమే మిగులుతాయి.

పాతరోజుల్లో పంచదారో బెల్లమో, నెయ్యీ, అంతే. ఇప్పుడు గాజు అల్మారాలో డ్రైఫ్రూట్ రకం ఉంది, చాక్లెట్ రకం ఉంది, షుగర్ ఉన్నవాళ్ళ కోసమంటూ తీపి లేని రకం కూడా ఉంది. చాక్లెట్ పూతరేకు గురించి నా అభిప్రాయం ఎవరూ అడగలేదు గనక చెప్పను.

పదిన్నరకి రోడ్డు నిండిపోతుంది. శనివారం కదా. ఇదే మండలంలోని వాడపల్లి వేంకటేశ్వరస్వామికి ఏడు శనివారాలు మొక్కుకున్న జనం కార్లలో, ఆటోల్లో, ట్రాక్టర్లలో వస్తారు. దర్శనమైన వాళ్ళు ఇంటికెళ్ళే దారిలో డబ్బా పట్టుకెళ్ళకుండా ఉండరు. కొట్టాయనకి ఊపిరాడదు. ఒక చేత్తో డబ్బా కడుతూ, ఇంకో చేత్తో ఫోన్లో వాట్సాప్ ఆర్డరు చూసుకుంటూ, గల్లాపెట్టె దగ్గరున్న భార్యకి చిల్లర అందిస్తున్నాడు. హైదరాబాద్ కూకట్‌పల్లికి ఒక పార్సిల్, బెంగళూరుకి ఒకటి. అమెరికా వెళ్తున్న కొడుకు పెట్టెలో పెట్టడానికి కావాలంటూ ఒక తల్లి గట్టిగా ప్యాక్ చేయమని మూడోసారి చెబుతోంది.

ఈయన్ని విలన్ చేస్తే కథ సులువవుతుంది. చేయడానికి వీల్లేదు. సాయంత్రానికి మిగిలిపోయిన డబ్బాల నష్టం ఈయనది. నెయ్యి ధర, జీడిపప్పు ధర పెరిగితే రేకు కట్ట ధరలాగా అవి వెనక్కి తగ్గవు. కొరియర్‌లో నలిగి ముక్కలైన పార్సిల్‌కి ఫోటో పంపి డబ్బు వెనక్కి అడిగేవాళ్ళు ఈయన్నే అడుగుతారు. ఆహార భద్రతా సంస్థ రిజిస్ట్రేషన్, డబ్బా మీద తేదీ, తూకం, జీఎస్టీ, షాపు అద్దె, అన్నీ ఈయన మెడకే. పెళ్ళిళ్ళ నెలల్లో రేకులు చాలక పొయ్యిల చుట్టూ తిరుగుతాడు. ఆషాఢంలో కట్టలు వద్దనలేక తీసుకుని అటకెక్కిస్తాడు. "వద్దంటే మళ్ళీ దసరాకి నా మొహం చూడరు కదండి" అంటాడు. అదీ నిజమే.

ఇదంతా ఒక పరిశ్రమ. ప్రహరీ గోడ లేదు, గేటు లేదు, సైరన్ లేదు, అయినా పరిశ్రమే. బియ్యం కొట్టు, కుమ్మరి, ఆకు మోపులు మోసేవాళ్ళు, పొయ్యి దగ్గర ఆడవాళ్ళు, బండి కుర్రాడు, చుట్టేవాళ్ళు, అట్టపెట్టెల ప్రింటింగు వాడు, కొట్టు, కొరియర్. ఏ ఒక్కరూ ఇంకొకరికి జీతగాడు కాడు, ఏ ఒక్కరూ ఇంకొకరు లేకుండా బతకలేరు. పల్లెల్లో వ్యాపారాన్ని ప్రోత్సహించాలని సభల్లో మాట్లాడేవాళ్ళు కొత్తగా నిర్మించాలనుకునే వల ఇక్కడ ఎప్పుడో అల్లుకుని ఉంది. ఆ వలలో డబ్బు ఏ ముడి దగ్గర ఆగిపోతోందన్నదే తేలాలి.

మధ్యాహ్నం రెండున్నరకి, అన్నాలు తిని, గిన్నెలు కడిగి, డ్వాక్రా సంఘం మీటింగ్. రామాలయం పక్క అరుగు మీద చాప పరిచారు. పొద్దున్న పొయ్యి దగ్గర కూర్చున్నావిడ చీర మార్చుకుని వచ్చింది. చుట్టేవాళ్ళలో ఇద్దరున్నారు. ఒకావిడ కోడలి చేత రాయించిన లెక్క కాగితం మడిచి జాకెట్లో పెట్టుకుంది. అరుగు చివర మీకూ చోటిచ్చారు, టీ కూడా ఇచ్చారు.

మీటింగ్ మొదలయ్యే తీరు చూస్తే ముప్పై ఏళ్ళ అలవాటు కనిపిస్తుంది. హాజరు, పొదుపు, అప్పు కంతులు, పుస్తకం. పంచసూత్రాలని వీళ్ళకి శిక్షణల్లో నేర్పినవి ఇవే: క్రమం తప్పని సమావేశం, క్రమం తప్పని పొదుపు, సంఘంలోనే అప్పులు ఇచ్చుకోవడం, సకాలంలో తిరిగి కట్టడం, పుస్తకాలు సరిగా రాయడం. డ్వాక్రా పథకం 1982లో వచ్చింది. కానీ తెలుగునాట సంఘాలకి ఊపిరి పోసింది ఆఫీసు కాదు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో ఆడవాళ్ళు సారా కొట్టు మూయించారు. ఆ ఉద్యమం జిల్లాలు దాటి, 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రంలో సారా నిషేధం వచ్చింది. సారాకి పోయే డబ్బు ఇంట్లో మిగిలితే రోజుకో రూపాయి చొప్పున దాచుకుందామన్న ఆలోచన నెల్లూరులో అప్పుడే పట్టాలెక్కింది. అదే 1992లో నాబార్డు దేశం మొత్తానికీ 500 సంఘాలతో బ్యాంకు లింకేజీ ప్రయోగం మొదలుపెట్టింది. 2000లో గ్రామీణ పేదరిక నిర్మూలన సంస్థ, సెర్ప్, వచ్చింది. సంఘాల మీద గ్రామైక్య సంఘం, దాని మీద మండల సమాఖ్య, జిల్లా సమాఖ్య. అప్పటినుంచి ప్రభుత్వాలు మారినప్పుడల్లా పథకాల పేర్లు మారాయి, పావలా వడ్డీ పోయి సున్నా వడ్డీ వచ్చింది. అరుగు మీది ఈ పుస్తకంలో గళ్ళు మాత్రం అవే.

ఒక చెడ్డ కాలం కూడా ఉంది, అది వీళ్ళు ఎత్తరు. మైక్రోఫైనాన్స్ కంపెనీలు వారం వారం ఇంటి ముందు కూర్చుని వసూళ్ళు చేసిన రోజులు. 2010 అక్టోబరులో ప్రభుత్వం ఆర్డినెన్స్ తెచ్చి కట్టడి చేసేదాకా, ఒక అప్పు తీర్చడానికి ఇంకో అప్పు చేసిన ఇళ్ళు తెలుగు జిల్లాల్లో ఊరూరా ఉన్నాయి. మరుసటి ఏడాదే సమాఖ్యలు వాటాదారులుగా స్త్రీనిధి పుట్టింది. అవసరానికి 48 గంటల్లో అప్పు చేతికందాలన్నది దాని లక్ష్యం.

"నాకు లోను కావాలి" అంటుంది చుట్టేవాళ్ళలో చిన్నది. పెళ్ళై రెండేళ్ళయి ఉంటుందేమో. "ఇంట్లో పొయ్యి పెట్టుకుంటాను. అత్తయ్య నేర్పిస్తానంది."

"పెట్టుకుని?" అంటుంది లీడరు.

"పెట్టుకుని రేకులేస్తాను."

"వేసి?"

అరుగంతా నవ్వు. కానీ ప్రశ్న నవ్వులాటది కాదు. "ఒసేయ్, ఉన్న పొయ్యిలకే ఆషాఢంలో కట్టలు అమ్ముడు కావట్లేదు. నువ్వింకోటి పెడితే వందకి ఇంకో అయిదు రూపాయలు తగ్గిస్తాడు షావుకారు. నీకూ లాభం లేదు, మాకూ లేదు" అంటుంది పొద్దున్న చూసినావిడ. గొంతు కటువుగా ఉంది. చిన్నమ్మాయి మొహం ముడుచుకుంది. ఎవరూ ఓదార్చరు.

అప్పు ఇక్కడ కష్టమైన సంగతి కాదు. సంఘం పేరు బాగుంటే బ్యాంకు లింకేజీ వస్తుంది. 10 లక్షల లోపు సంఘం అప్పుకి తాకట్టు అడగకూడదని రిజర్వు బ్యాంకు నిబంధన. ఆహార పదార్థాలు తయారుచేసే చిన్నవాళ్ళకి 2020లో కేంద్రం పెట్టిన పీఎంఎఫ్ఎంఈ పథకంలో యూనిట్ ఖర్చులో 35 శాతం, గరిష్ఠంగా 10 లక్షల రూపాయల దాకా సబ్సిడీ ఉంది. సంఘం సభ్యులకైతే మనిషికి 40,000 రూపాయల దాకా మూలనిధి. ఇవన్నీ లీడరుకి కంఠతా వచ్చు. పొయ్యి దగ్గరావిడకి కూడా వచ్చు. కానీ పథకం రాసినవాళ్ళ కళ్ళముందు మిషను ఉంది. కొటేషన్ తెమ్మంటారు. బోర్లించిన కుండకి కొటేషన్ ఎవరిస్తారు? రెండు చేతుల మధ్య గుడ్డకి ఏ కంపెనీ బిల్లు తేవాలి?

ఇంతలో జాకెట్లో కాగితం దాచుకున్నావిడ అది బయటికి తీస్తుంది. చదువుకోలేదు, అయినా ఏ గడిలో ఏముందో వేలుపెట్టి చూపిస్తుంది. మనం పదిమందిమీ విడివిడిగా అరువు మీద బియ్యం తెచ్చుకుంటున్నాం. అదే సంఘం డబ్బుతో ఒకేసారి మిల్లులో జయ బియ్యం బస్తాలు దించుకుంటే బస్తాకి ఇంత మిగులుతుంది. కొట్లో అరువు ఉండదు. రెండోది, ఆషాఢంలో కట్టలు షావుకారు అటకెక్కించే బదులు మనమే గాలి తగలకుండా డబ్బాల్లో పెట్టుకుని శ్రావణంలో ఇద్దాం. దానికి గది కావాలి, రేకుల డబ్బాలు కావాలి. అప్పు అడిగేదేదో దీనికడగండి.

కాసేపు ఎవరూ మాట్లాడరు. తర్వాత అందరూ ఒక్కసారే మాట్లాడతారు. గది ఎవరింట్లో? తాళం ఎవరి దగ్గర? ఒకరి రేకు పలచన, ఒకరిది మందం, కలిపి పెడితే ఎవరిది ఏదో ఎలా తెలుస్తుంది? షావుకారుకి కోపం వస్తే అడ్వాన్సు సంగతేంటి? ఈ ప్రశ్నలకి ఏ శిక్షణా తరగతిలోనూ జవాబు దొరకదు. కానీ ఈ అరుగు మీద ఈ అరగంటలో జరిగిన వాదన, మన ఊళ్ళలో వ్యాపార శిక్షణ పేరుతో నేను చూసిన చాలా స్లైడ్ షోల కన్నా గట్టిది.

ఇలాంటిది ఎక్కడా జరగలేదని కాదు. తెలంగాణలో ములుకనూరు ఉంది. 1956లో అక్కడి రైతులు కలిసి పెట్టుకున్న సహకార సంఘం విత్తనం నుంచి అమ్మకం దాకా చూసుకుంటూ ఇప్పటికీ నడుస్తోంది. దాని నీడలోనే 2000లో ఆడవాళ్ళు పాల సంఘం పెట్టి, స్వకృషి పేరుతో పాలు అమ్ముతున్నారు. పాలు పోసేవాళ్ళే యజమానులు. ఏడాది చివర మిగులు వాళ్ళకే బోనస్‌గా వస్తుంది. దానికి దారి వేసింది 1995లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ తెచ్చిన పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం. ప్రభుత్వం వాటా, పెత్తనం రెండూ లేకుండా సంఘాలు నడుపుకోవచ్చని దేశంలో మొదట చెప్పిన చట్టం అదే. పాలకీ రేకుకీ తేడా ఉంది, ఒప్పుకోవాలి. పాలని వెన్న శాతం కొలిచి ధర కట్టొచ్చు. రేకు పలచనని కొలిచే మీటరు ఇంకా రాలేదు. కానీ పొద్దున్న ఒక్క చప్పుడుతో కుండ వేడి చెప్పిన చెవికి, పక్కింటి రేకు నాణ్యం చెప్పడం కష్టమా? వీళ్ళలో ఇద్దర్ని కూర్చోబెడితే కళ్ళు మూసుకుని మూడు రకాలుగా విడగొడతారు.

మీటింగ్ ముగిసే వేళకి బియ్యం సంగతి తేలింది. ముందు నాలుగు బస్తాలు, ఒక్క నెల చూద్దాం. గది సంగతి వచ్చే మీటింగ్‌కి. చిన్నమ్మాయి లోను ఆపలేదు, కానీ మార్చారు. ఇంకో పొయ్యి వద్దు, పొయ్యి ఉన్నవాళ్ళ దగ్గర కట్టలు కొని ఇంట్లో చుట్టి రావులపాలెంలో, రాజమండ్రిలో తెలిసిన ఇళ్ళకి పెళ్ళి ఆర్డర్లు పట్టు అన్నారు. ఆమెకి ఫోన్ వాడడం వచ్చు. వీళ్ళకి రాదు. ముడుచుకున్న మొహం కాస్త విచ్చుకుంది. "కట్టకి ఎంతిస్తావే?" అని అప్పుడే బేరం మొదలైంది, వదినా ఆడపడుచుల వరస కూడా చూడకుండా.

సాయంత్రం బస్సు కోసం మళ్ళీ మెయిన్ రోడ్డు మీదికి వస్తారు. కొట్టు బోర్డు మీద పొద్దున్న మీరు గమనించని మాట ఒకటి కనిపిస్తుంది: జీఐ. తిరుపతి లడ్డుకి 2009లో, బందరు లడ్డుకి 2017లో వచ్చిన భౌగోళిక గుర్తింపు 2023లో ఆత్రేయపురం పూతరేకులకీ వచ్చింది. ఇక్కడి తయారీదారుల సంక్షేమ సంఘం దరఖాస్తు పెట్టింది. ధవళేశ్వరం ఆనకట్ట కట్టించిన సర్ ఆర్థర్ కాటన్ పేరే ఆ సంఘానికి ఉంది. విశాఖలోని దామోదరం సంజీవయ్య జాతీయ న్యాయ విశ్వవిద్యాలయం దానికి తోడ్పడింది. ఇకనుంచి ఇంకెక్కడో చేసిన సరుకు మీద ఆత్రేయపురం పేరు అచ్చువేసుకుంటే చట్టం అడ్డుపడుతుంది. మంచి పని. ఊరంతా పండగ చేసుకుంది, చేసుకోవలసిందే.

అయితే 1999 నాటి ఆ చట్టంలో రిజిస్టరు రెండు భాగాలు. పార్ట్ ఎలో సరుకూ, దాని యజమానిగా నమోదైన సంఘమూ ఉంటాయి. పార్ట్ బిలో ఆ పేరు వాడుకునే హక్కున్న ఒక్కొక్క ఉత్పత్తిదారు పేరు విడిగా నమోదు కావాలి. కొట్టు పెట్టుకున్నవాళ్ళకి ఆ సంగతి తెలుసుకునే దారులున్నాయి. పొయ్యి దగ్గరావిడని మీరు పొద్దున్నే అడిగారు. "జీఐ అంటే బోర్డు మీద రాసుకునేది కదండి?" అంది. రేకు వేసేది ఆవిడ. చట్టం దృష్టిలో ఉత్పత్తిదారు కూడా ఆవిడే. ఆవిడ పేరు పార్ట్ బిలో ఉంటే, కట్ట ధర దగ్గర బేరానికి కూర్చున్నప్పుడు ఆవిడ చేతిలో గుడ్డతోపాటు ఒక కాగితం కూడా ఉంటుంది. గ్రామైక్య సంఘాలు, మండల సమాఖ్య సిబ్బంది, ఊళ్ళో చదువుకున్న పిల్లలు చేయవలసిన మొదటి పని ఈ పొయ్యిల జాబితా రాసి, ఒక్కొక్కరి చేతా ఆ దరఖాస్తు పెట్టించడం. 2020లో నిబంధనలు సవరించి, దాని రుసుము 500 రూపాయల నుంచి 10 రూపాయలకి తగ్గించారు.